పాల బూత్ దాకా సిగ్నల్

దెయ్యాల కబుర్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. భయం కాదు, చిరాకు. ఎవరైనా "మా మేనమామకి నిజంగా కనపడిందండీ" అని మొదలెడితే ప్లేటు పట్టుకుని లేచి వెళ్ళిపోయే రకాన్ని. నోయిడాలో కంపెనీలో కోడు రాసి బతుకుతున్నాను. ఏదైనా పనిచేయకపోతే దానికో కారణం ఉంటుంది, అది దొరికేదాకా తవ్వాలి, అంతే. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ ఒక్క సంగతి మింగుడు పడక ఇలా రాస్తున్నాను. చదివి ఎవరైనా కారణం చెబితే సంతోషిస్తాను.

మేముండేది ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో, పదకొండో అంతస్తు. నేను, మా ఆవిడ మాధవి, మా అత్తగారు.

అత్తగారి గురించి ముందు చెప్పాలి. మామగారు సెంట్రల్ గవర్నమెంటులో చేసేవారు. పెళ్ళయి ఆర్కే పురం క్వార్టర్స్‌కి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఢిల్లీలోనే. హిందీ దంచేసేవారు. కూరగాయలవాడితో బేరానికి దిగితే వాడే చివరికి దణ్ణం పెట్టి "లే జాయియే మాతాజీ", తీసుకుపోండమ్మా, అనేవాడు. మామగారు పోయాక మా దగ్గరికొచ్చారు. తర్వాత మతిమరుపు జబ్బు పట్టుకుంది. మొదట పేర్లు పోయాయి, తర్వాత ఇవాళ ఏ వారమో తెలియడం పోయింది, ఆ తర్వాత హిందీ మొత్తం పోయింది. ఇంగ్లీషు ముక్కలు కూడా. వెనకొచ్చిన భాష ముందు పోవడం మామూలేనని డాక్టరు తేలిగ్గా చెప్పేశాడు. మాకు తేలిగ్గా లేదు. ఇన్నేళ్ళు బతికిన ఊళ్ళో ఆవిడ నోట్లో తెలుగొక్కటే మిగిలింది.

దానికి తోడు తలుపు తీసి ఉంటే చాలు, బయటికి వెళ్ళిపోవడం. ఆర్కే పురం ఇంటికి వెళ్ళాలంటారు. తప్పిపోతే ఎవర్నీ దారి అడగలేరు, ఎవరైనా అడిగినా చెప్పలేరు. మాధవి స్నానానికి వెళ్ళినా సగం సబ్బు ఒంటిమీదే ఉండగా వచ్చి చూసుకునేది.

తాళం వేసుకోవచ్చుగా అంటారు. వేశాం. తలుపు దగ్గర నిలబడి, నన్నెందుకు కట్టేశారమ్మా అని ఆవిడ ఏడుస్తుంటే మాధవి కూడా ఏడ్చింది. తాళం తీసేశాం. మనిషి ఎక్కడుందో చెప్పే పరికరాలు రెడీమేడ్‌గా దొరుకుతాయిగా అంటారు. కొన్నాం. మెడలో వేస్తే తీసి చెత్తబుట్టలో పడేశారు. చేతికి గడియారంలా కడితే పళ్ళతో కొరికి విప్పేశారు.

ఆవిడ ఒంటి మీంచి ఎప్పుడూ తీయనిది ఒకటే, గాజుకి వేలాడే పిన్నీసుల గుత్తి. మన ఆడవాళ్ళ సంగతి తెలిసిందేగా, చీరకి అవసరమొస్తుందని గాజుకో గొలుసుకో నాలుగు పిన్నీసులు తగిలించుకుని తిరుగుతారు. పేర్లు మర్చిపోయిన మనిషి కూడా ఆ గుత్తిని తడుముకుంటూనే ఉండేది. మాధవికే తట్టింది, దాన్లో పెట్టెయ్యమని.

సరే, నేనే తయారుచేస్తానని కూర్చున్నాను. రూపాయి బిళ్ళంత చిన్న చిప్పు, దానికో బుల్లి బ్యాటరీ. క్షణానికోసారి వైఫైలో తన పేరు చెప్పుకుంటూ ఉంటుంది, అంతే దాని పని. దాన్ని పిన్నీసుకి గుచ్చి గుత్తిలో కలిపేశాం. ఇంట్లో దానికి బిళ్ళ అనే పేరు పడిపోయింది. ఇంకోవైపు అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు. దానికి పెన్‌డ్రైవ్‌ల్లా గుచ్చే రెండు యూఎస్‌బీ వైఫై డాంగిల్స్. ఒకటి బిళ్ళ చెప్పేది వింటుంది, రెండోది ఇంటి వైఫైకి తగులుకుని ఉంటుంది. బిళ్ళ వినపడటం మానేస్తే, అంటే ఆవిడ గడప దాటితే, మా ఫోన్లు మోగాలి. బోర్డు మీద చిన్న తెర పెట్టాను. దానిమీద ఫోన్లోలాగే సిగ్నల్ గీతలు, నాలుగు.

ఆఫీసులో ఇంతకన్నా పెద్ద పనులు పొద్దున మొదలెట్టి మధ్యాహ్నానికి ముగించిన వాణ్ణి. ఇది నా చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ షాపుల్లో ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు డబ్బాలో ఉన్న డాంగిల్స్ రెండు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే లోపల చిప్పులు వేరు. ఒకదానికి డ్రైవర్, అంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఉంది, రెండోదానికి లేదు. ఎవడో పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో పెట్టిన డ్రైవర్ దింపుకుని, దాన్ని ఈ బోర్డుకి సరిపడేలా మళ్ళీ తయారుచేసుకుంటే పనిచేసింది. హమ్మయ్య అనుకునేలోపు బోర్డు తనంతట తనే అప్‌డేట్ చేసుకుంది, డ్రైవర్ పోయింది. మళ్ళీ మొదటికొచ్చింది. అదయ్యాక కరెంటు చాలక రెండు డాంగిల్స్ ఒకేసారి కళ్ళు తేలేశాయి. విడిగా కరెంటు ఇచ్చే హబ్ తెచ్చాను. అప్పుడు ఇంకో తద్దినం. బోర్డు ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడల్లా దీని నంబరు దానికీ దాని నంబరు దీనికీ వచ్చేది. వినాల్సింది పంపడానికి కూర్చుంటుంది, పంపాల్సింది వినడానికి కూర్చుంటుంది. రెండూ ఆ పని చేతకాక మూగమొద్దుల్లా ఉండిపోయేవి.

డైనింగ్ టేబుల్ నిండా వైర్లు. మాధవి మొదట్లో ఏమైందని అడిగేది, తర్వాత అడగటం మానేసి కంచాలు సోఫా దగ్గరికి తెచ్చేది. ఇంతా చేసి వినే డాంగిల్ కాసేపు పనిచేసి టపీమని పడిపోయేది. ఎందుకో తెలీదు. దాన్ని పీకి పెడితే మళ్ళీ కాసేపు. ఆవిడ సోఫాలో కూర్చుని ఉండగానే "బయటికి వెళ్ళారు" అని ఆఫీసులో నా ఫోన్ మోగేది. నిజంగా వెళితే మోగుతుందన్న నమ్మకం లేదు. నేను ఆ డాంగిల్‌ని తిట్టని తిట్టు లేదు.

ఆ శనివారం పొద్దున కూడా అదే పనిలో ఉన్నాను. ఢిల్లీ పొగ, కిటికీలోంచి ఎదుటి టవర్ కనపడ్డం లేదు. రేంజ్ ఎంతవరకు వస్తుందో చూద్దామని, ఫోన్లు మోగకుండా ఆపేసి, బోర్డుని పవర్ బ్యాంకుకి తగిలించి పెట్టాను. మాధవి వాళ్ళమ్మకి తలంటి, చీరకట్టి, కూర్చోబెట్టి, బట్టలారేయడానికి బాల్కనీలోకి వెళ్ళింది. పనిచేసే దీదీ చెత్త తీసుకుని వెళుతూ తలుపు దగ్గరికి వేసిందంతే. నేను అక్కడే ఉన్నాను. తల బోర్డులో పెట్టి, చచ్చిన డాంగిల్‌ని ఎలా లేపాలా అని చూస్తూ ఉన్నాను. ఆవిడ నా వెనకనుంచే వెళ్ళారు.

"అమ్మేదీ?" అని మాధవి అడిగినప్పుడు తలెత్తాను. సోఫా ఖాళీ.

గదులన్నీ చూశాం, మెట్లు చూశాం. కింద గార్డుకి ఫోన్ చేస్తే తను చూడలేదన్నాడు. శనివారం కదా, డెలివరీ వాళ్ళు, పనివాళ్ళు, ఎవరొచ్చారో ఎవరెళ్ళారో అతనికేం తెలుస్తుంది. మాధవి వెనక గేటు వైపు, పార్కు వైపు పరిగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. దేనికోసమైతే ఇన్నాళ్ళు ఇల్లంతా దుకాణం చేశానో అది సరిగ్గా ఆ రోజే చచ్చి కూర్చుందని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ బోర్డుని తీసి నేలకేసి కొడదామనే చేతిలోకి తీసుకున్నాను.

తెర మీద ఒక గీత ఉంది.

నేను డ్రైవర్ మళ్ళీ ఎక్కించలేదు. పీకి పెట్టలేదు. ఇందాకటిదాకా ఖాళీగా ఉన్న తెర మీద బిళ్ళ పేరు, పక్కన ఒకే ఒక్క గీత. అప్పుడు ఆశ్చర్యపోయే తీరిక లేదు. బిళ్ళ ఆవిడ చేతికి ఉంది, ఆవిడ దగ్గర్లోనే ఉన్నారు, అంతవరకే బుర్రకెక్కింది. బోర్డు, పవర్ బ్యాంకు పట్టుకుని లిఫ్టులో దిగాను.

కిందికి వచ్చేసరికి ఒక గీత అలాగే ఉంది. మామూలుగా మా ఫ్లాట్ నుంచి లిఫ్టు దాకా వెళితేనే పోయే సిగ్నల్ అది. ముందు గేటు దాటితే రెండయ్యాయి. ఎడమవైపు మెట్రో స్టేషన్‌కి వెళ్ళే దారి, అటే వెళ్ళుంటారనుకుని నడిచాను. ఒకటికి తగ్గింది, తర్వాత అదీ వెలగడం ఆరడంగా మారింది. వెనక్కి తిరిగాను. మళ్ళీ రెండు. రోడ్డు దాటి మార్కెట్ వైపు వెళితే మూడు. ఆటోవాడొకడు హారన్ కొట్టి తిట్టాడు. చేతిలో వైర్లు వేలాడేసుకుని, తెర చూసుకుంటూ రోడ్డు మధ్యలో నడిచేవాణ్ణి తిట్టక ఏం చేస్తాడు. అన్ని వారాల్లో ఎప్పుడూ ఆ డాంగిల్ అంతసేపు పడిపోకుండా ఉండలేదు. అప్పుడది గుర్తు చేసుకోవడానికి కూడా భయమేసింది.

మార్కెట్ చివర పాల బూత్ ఉంది. అక్కడికొచ్చేసరికి నాలుగు గీతలూ నిండాయి. బూత్ ముందు ఎవరూ లేరు. లోపలి భయ్యాని అడిగితే, ఒకావిడ వచ్చి ఏదో మద్రాసీలో అడిగిందనీ, తనకి అర్థం కాలేదనీ, వెళ్ళిపోయిందనీ చెప్పాడు. ఎటు వెళ్ళిందో చూడలేదట. నేను ముందుకెళితే గీత తగ్గింది. బూత్ పక్కనుంచి వెనక్కి వెళ్ళాను.

బూత్‌కీ వెనక గోడకీ మధ్య సందు ఉంది. ఖాళీ పాల ట్రేలు పేర్చి ఉన్నాయి. వాటి అవతల, గోడకి చేరగిలబడి మా అత్తగారు కూర్చుని ఉన్నారు. రోడ్డు మీద నుంచి చూస్తే కనపడే చోటు కాదు. నా అంతట నేనైతే వెయ్యేళ్ళు వెతికినా అక్కడ చూసేవాణ్ణి కాదు. ఒక కాలికి చెప్పు లేదు. పెదవులు ఎండిపోయాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ నాతో సూటిగా మాట్లాడింది లేదు. కోపం కాదు, వాళ్ళ పద్ధతి అది. నేను ఎదురుగా ఉన్నా సరే "అల్లుడుగారికి కాఫీ ఇవ్వవే" అని కూతురికే చెప్పేవారు. జబ్బు వచ్చాక అన్నీ మర్చిపోయారు గానీ అది మాత్రం మర్చిపోలేదు.

అలాంటి మనిషి తలెత్తి నా మొహంలోకి చూశారు. విసుగ్గా అన్నారు.

"ఇందాకట్నుంచీ పిలుస్తూనే ఉన్నాను బాబూ. ఇప్పటికి వినపడిందా?"

చెయ్యి పట్టుకుని లేపాను. మాధవికి ఫోన్ చేశాను. ఆటోలో ఇంటికి తీసుకొచ్చాం. దారంతా మాధవి వాళ్ళమ్మ చెయ్యి వదల్లేదు. ఇల్లు చేరి, కాళ్ళు కడిగి, పాలు తాగించాక మాధవి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆవిడ రెండు గాజుల్నీ తిప్పి చూసింది.

"పిన్నీసులు లేవండీ" అంది.

తర్వాత తనే బాత్రూమ్‌లోకి పరిగెత్తింది. పొద్దున తలంటేటప్పుడు నూనె మర్దనా చేస్తుంటే గీసుకుంటుందని గుత్తి తీసి బకెట్ అంచుకి తగిలించిందట, మళ్ళీ పెట్టడం మర్చిపోయిందట. గుత్తి బకెట్లో పడి ఉంది. బకెట్ నిండా నీళ్ళు. బిళ్ళ అడుగున ఉంది. నేనే చెయ్యి పెట్టి తీశాను. విప్పితే లోపల నీళ్ళు కారాయి, బ్యాటరీ ఉబ్బిపోయింది. ఎండబెట్టి చూశాను, మళ్ళీ పనిచేయలేదు.

బల్ల మీద పెట్టిన బోర్డు తెర చూశాను. ఖాళీ. డాంగిల్ ఎప్పటిలాగే చచ్చి ఉంది.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. తెర పాత గీతల్నే చూపిస్తూ ఉండిపోయిందేమోనని చూశాను. అలా ఉండిపోతే గీతలు మారకూడదు, ఇవి పెరిగాయి, తగ్గాయి. అదే పేరుతో ఇంకెవరి పరికరమైనా ఉందా అంటే, ఆ పేరు నేను పెట్టింది, ఇంటిపేరుతో సహా. అచ్చం అలాంటిదే కొత్త బిళ్ళ తయారుచేసి ఇంట్లో పెట్టి అదే దారిలో నడిచాను. లిఫ్టు దగ్గరే పోయింది. దాన్ని పాల బూత్ వెనక పెట్టి ఇంట్లోంచి చూశాను. ఒక్క గీత కూడా రాలేదు. ఆఫీసులో స్నేహితుడికి చెబితే కోడులో ఏదో తప్పు, బగ్ అయి ఉంటుందన్నాడు. బగ్ అయితే నన్ను ట్రేల వెనక దాకా ఎలా తీసుకెళ్ళింది రా అంటే, నీ మనసే తీసుకెళ్ళింది, గీతలు నీ భ్రమ అన్నాడు. అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఆ పూట పాల బూత్ ఆలోచనే లేదు.

ఇదంతా ఒకెత్తు. ఆ సాయంత్రం జరిగింది ఒకెత్తు.

మాధవి వాళ్ళమ్మకి తల దువ్వుతూ కూర్చుంది. పొద్దున తలంటిన జుట్టు చిక్కులు పడి ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. సందులో ఆవిడ అన్న మాట అప్పటిదాకా మాధవికి చెప్పలేదు, చెప్పాను. దువ్వెన ఆగింది. అమ్మ మీతోనా, మీతోనే అందా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. అవునన్నాను.

మాధవి దువ్వెన పక్కన పెట్టింది. తర్వాత నన్ను కాదు, వాళ్ళమ్మ తల మీద చెయ్యి పెట్టి ఆవిడనే అడిగింది.

"నేను పక్కనే బాల్కనీలో ఉన్నాగా అమ్మా. నన్నెందుకు పిలవలేదు?"

అత్తగారు కళ్ళు తెరవలేదు. మాధవి నా వైపు చూసింది. డాంగిల్ ఎందుకు పడిపోయేదో ఏదో ఒక రోజు కనిపెడతానేమో, ఆ గీతలకి కూడా ఎవరో ఒకరు కారణం చెబుతారేమో. మాధవి మాత్రం ఇప్పటికీ బాల్కనీలో బట్టలారేస్తూ మధ్యలో ఆగి, లోపలికి చెవి పెట్టి వింటుంది.