తవుడిచ్చి కొన్న పేరు

నంద్యాల రైసుమిల్లులో బాయిలరుకు ఊక వేసే పెంటయ్యను ఆ పొద్దు కూడా గుమాస్తా వెంకటేశ్వర్లు ముక్కు మూసుకునే పిలిచాడు.

"పెంటప్పా, ఆడ్నే నిలబడి చెప్పు. ఊక ఎంత మిగిలిండాది?"

హమాలీలు నవ్వారు. పెంటయ్యకు అలవాటే. పెళ్లిపత్రికలో ఆ పేరు చూసి ఆడపెళ్లివాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. బస్సులో ఎవరైనా పేరడిగితే అతను ఊరి పేరు చెప్పి ఊరుకునేవాడు.

అందుకే కొడుకులకు మంచి పేర్లు పెట్టాడు. రాజశేఖర్, మోహన్‌కుమార్. ఇద్దరూ పదకొండో రోజు దాటలేదు. 1981 ఎండాకాలంలో, ఆళ్లగడ్డలో తన తల్లి మణెమ్మ దగ్గర, భార్యకు మూడో కాన్పయింది. మళ్లీ మగబిడ్డే. పాలు సరిగా పట్టడం లేదని కబురొస్తే పెంటయ్య ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు.

వెళ్లేసరికి మణెమ్మ పెరట్లో పేడదిబ్బ మీద పాత చీర పరుస్తోంది. ఎందుకో అతనికి తెలుసు. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డను దిబ్బ మీద వేస్తారు. పక్కింటివాళ్లు తవుడిచ్చి కొనుక్కుంటారు. ఎవరికీ అక్కరలేని పేరు పెడతారు. అలాంటి బిడ్డ వైపు చావు కూడా చూడదని నమ్మకం.

"వద్దుమ్మా. నేను పడింది చాలదా? నా పేరు చెప్తే జనం ముక్కు మూసుకుంటాండారు. వీనికి విజయకుమార్ అనుకున్యా."

"ముందు బతకనీరా" అంది మణెమ్మ.

అప్పుడే పక్కింటి చాంద్‌బీ చేటలో తవుడు తెచ్చింది. ఏటా పెంటయ్య పుట్టినరోజున ఆమె మణెమ్మ బర్రెకు చేటెడు తవుడు పోసేది. ఎందుకని అతను ఎన్నడూ అడగలేదు.

"ఏందిరా, నేను పెట్టిన పేరు నచ్చలేదా నీకు?"

"నువ్వు పెట్టినావా చిన్నమ్మా?"

"నిన్ను దిబ్బ మీంచి ఎత్తుకున్యది నేనే గదా. ఆ వారమే నా బిడ్డను మట్టిలో పెట్టి వచ్చినా. మీయమ్మకు పాలు పడలే. నాకేమో రైక తడిసిపోతాండె. నా పాలు తాగే నువ్వు తేరుకుండేది. కొన్నోల్లదే బిడ్డ, అది కట్టుబాటు. ఇయ్యనంటే అడిగేటోల్లు లేరు. ఇయ్యకూడదనే అనుకున్యా."

"మళ్లా?"

"మీయమ్మ నా వాకిట్లో నిలబడి సూస్తాండె. నోరు తెరిచి అడగలే. ఇచ్చేసినా."

మణెమ్మ తలెత్తలేదు. పెంటయ్య చాంద్‌బీ ముసలి చేతుల్ని చూశాడు. ముప్పయ్యేళ్లు తాను దాచుకు తిరిగిన పేరు వెనక ఇంత మనిషి నిలబడి ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు. లోపలికి వెళ్లి, బిడ్డను తెచ్చి, తానే దిబ్బ మీద పడుకోబెట్టాడు.

చాంద్‌బీ అతని భుజం ఆసరాగా పట్టుకుని వంగింది.

"ఎవరి బిడ్డప్పా వీడు?"

మాది కాదని తండ్రి చెప్పాలి. బిడ్డ ఏడుపు అందుకున్నాకే పెంటయ్య అన్నాడు.

"మాది కాదు."

ఆమె చేట మణెమ్మకిచ్చి బిడ్డను ఎత్తుకుంది.

పెంటయ్య మళ్లీ మిల్లుకు వచ్చిన పొద్దు వెంకటేశ్వర్లు అడిగాడు.

"కొడుకు పేరేంది?"

"పెంటయ్య."

"నీది గాదప్పా, పిల్లోనిది."

"అదే చెప్తాండా."

వాడు పుట్టి ఆ పొద్దుటికి పన్నెండో రోజు.