ఆర్డిత్ కోల్‌బెక్ ఏడు మైదానాల జాబితా

మే నెల రెండో శనివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఆర్డిత్ కోల్‌బెక్ పదివేల అడుగుల ఎత్తున విమానంలోంచి దూకి, లూథరన్ పాస్టరు గారి పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య దిగింది. రెండు పెద్ద దుప్పట్లు, నాలుగు దిండు గలీబులు, పాస్టరు గారి పైజమా ఒకటి, తీగతో సహా కిందికి వచ్చాయి. ఆర్డిత్ ముందు తన పారాచూట్ పోగుచేసి భుజాన వేసుకుంది. తరవాత దుప్పట్ల మట్టి దులిపి, అంచుకు అంచు కలిపి మడిచి బుట్టలో పెట్టింది. పైజమా జోలికి పోలేదు. పాస్టరు గారి భార్య బయటికి వచ్చి కాఫీ తాగుతారా అని మర్యాదగా అడిగింది. "ఎప్పుడు కాచారు?" అంది ఆర్డిత్. పొద్దున ఏడింటికని తెలిశాక అక్కర్లేదని చెప్పి, మైలున్నర నడిచి మా మైదానానికి తిరిగి వచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె మైదానం దాటి దిగడం అదే మొదలు. మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఆకాశంలో గాని, నేలమీద గాని ఎవరు ఏ పని మొదటిసారి చేసినా, ఆ సాయంత్రం అందరికీ ఒక పెట్టె బీరు కొనాలి. మొదటి దూకుడు, మొదటిసారి నిలబడి దిగడం, కొత్త మైదానంలో మొదటిసారి కాలు పెట్టడం, దేనికైనా ఇదే శిక్ష. అందుకని ఆర్డిత్ గేటులోకి అడుగు పెట్టగానే పదిమందిమీ ఒక్కసారి "మొదటిసారి! బీరు!" అని అరిచాం.

మైదానం యజమాని వెర్లిన్ హాక్ అంతటితో ఊరుకోలేదు. ఆయన నోటికి గేటు ఉండదు. "ఆర్డిత్, మన స్థలం ఎక్కడుందో మ్యాపు గీసివ్వమంటావా?" అన్నాడు, కొత్తగా నేర్చుకోడానికి వచ్చినవాళ్ళ ముందర.

ఆర్డిత్ వెళ్ళి బీరు పెట్టె తెచ్చి ఫ్రిజ్‌లో సర్దింది. సోమవారం పెట్రోలు బంకుకు వెళ్ళి ఒక రోడ్డు మ్యాపు కొన్నది.

ఆ సంగతి మధ్యాహ్నానికల్లా వెర్లిన్‌కు తెలిసిపోయింది. ఆయన ముఖం పాలిపోయింది.

ఎందుకో చెప్పాలి. మాది అయోవాలో, మొక్కజొన్న చేల నడుమ, ఒక విమానం, ఒక రేకుల షెడ్డు, విమానం దిగడానికి ఒక గడ్డి పట్టీ ఉన్న డ్రాప్ జోన్, అంటే పారాచూట్‌తో దూకేవాళ్ళ మైదానం. శని ఆదివారాలు దూకుతాం, మిగతా అయిదు రోజులూ దాని గురించి మాట్లాడుకుంటాం. మా ప్రతి ఒక్కరి వీపు మీదా రెండు పారాచూట్‌లు ఉంటాయి. మొదటిది ఎవరిది వాళ్ళే మడుచుకోవచ్చు. అది తెరుచుకోకపోతే లాగే రెండోదాన్ని మాత్రం ఆరు నెలలకోసారి లైసెన్సు ఉన్న రిగ్గర్ విప్పి, పరీక్షించి, మడిచి, ఎర్రదారం కట్టి సీసపు ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర గడువు దాటితే ఎంత గొప్పవాడైనా విమానం ఎక్కడానికి లేదు. మా మైదానంలో ఆ ముద్ర ఉన్నది ఒక్క ఆర్డిత్ దగ్గరే. ఆమె తరవాత దగ్గరలో ఉన్న రిగ్గర్ నాలుగు గంటల దూరంలో ఉంటాడు, ఫోను తియ్యడు. ఆర్డిత్ వెళ్ళిపోతే ఆరు నెలల్లో వెర్లిన్ విమానం మీద కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాయి. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఆర్డిత్‌కు తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

ఆమెకు అరవై రెండు. ధాన్యం లారీల మీద కప్పే కాన్వాసు పట్టాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు కుట్టింది. ఆ చేత్తోనే పారాచూట్ పట్టింది. అనుమానం ఆమెకు గుణం కాదు, వృత్తి. ప్రతి కుట్టూ తెగిందనే అనుకుని మొదలుపెడుతుంది, తెగలేదని తేలాక కూడా ఇంకోసారి చూస్తుంది. కిరాణా కొట్లో గుడ్లు కొంటే డబ్బాలోని పన్నెండూ తిప్పి చూస్తుంది. జీవితంలో రెండోసారి చూసుకోకుండా చేసిన పని పెళ్ళి ఒక్కటేనని ఆమే చెబుతుంది. అది పద్నాలుగు నెలలు నిలిచింది. "గడువు ముద్ర వేసుకోవలసింది" అంటుంది.

మంగళవారం వెర్లిన్ నా దగ్గరికి వచ్చాడు. "నెల్డా, నువ్వు వెళ్ళి కనుక్కో. నీతో మాట్లాడుతుంది" అన్నాడు.

"నువ్వే అడగొచ్చుగా?"

"నేనడిగితే అవునంటుందేమో!" అన్నాడు దీనంగా.

నేను ఒక రూబార్బ్ పై, పుల్లటి కాడలు కూరి కాల్చే తీపి వంటకం, చేసుకుని ఆర్డిత్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి ముందు నా చేతిలోని పళ్ళెం వైపు, తరవాత నా వైపు చూసింది.

"ఇవాళ నా పుట్టినరోజా?"

"కాదు."

"నీదా?"

"కాదు. ఊరికే తెచ్చాను, ఆర్డిత్."

"ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ ఊరికే తేలేదే" అంటూ లోపలికి రానిచ్చింది. రూబార్బ్ పళ్ళెం మాత్రం కిటికీ అరుగు మీద, దూరంగా పెట్టింది.

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. నాలుగు రాష్ట్రాల మీదుగా ఎర్ర పెన్సిల్ గీత పోయింది. పక్కన ఒక కాగితం మీద ఏడు మైదానాల పేర్లు, ఫోన్ నంబర్లు. ఒక శుక్రవారం సాయంత్రంతో మొదలై మూడు వారాంతాలు. అన్నీ మాలాగే ఒక్క విమానం మీద నడిచే చిన్నచోట్లు.

"స్నేహపూర్వకమైన చోటు అని ప్రకటనల్లో రాసుకున్నారు, ఏడుగురూ" అంది ఆర్డిత్ కాగితం మీద పెన్సిల్‌తో పొడుస్తూ. "స్నేహంగా ఉండేవాళ్ళు ఆ ముక్క రాసుకోవడమెందుకు? వాళ్ళ గురించి ఎవరికి అనుమానమొచ్చిందో ముందు అది తెలియాలి."

"మరి ఎందుకు వెళుతున్నావు?" అని నోరు జారాను.

"ఎవరు అడగమన్నారు?"

"ఎవరూ లేదు!"

ఆమె టీ పెట్టడానికి అటు తిరిగింది. ఆ సందులో నేను ఆ ఏడు పేర్లూ నా కాగితపు చేతిరుమాలు మీద రాసుకున్నాను. ఇది చెప్పుకోడానికి నాకు సిగ్గుగానే ఉంది. యాభై మూడేళ్ళ మనిషిని, చర్చి బృందగానంలో పాడేదాన్ని, ముక్కు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ స్నేహితురాలి వంటింట్లో గూఢచారి పని చేశాను.

ఆ కాగితం చూసి వెర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఏడా! ఏడు చోట్ల ఉద్యోగం అడుగుతుందా?"

"ఉద్యోగమని ఎక్కడా లేదు."

"మ్యాపు గీసివ్వమంటావా అన్నాను కదా. మనసులో పెట్టుకుంది." కాసేపు ఆలోచించి లేచాడు. "వాళ్ళు మంచివాళ్ళు, నెల్డా. అదే భయం. ఆ చోట్లన్నిటికీ నేను వెళ్ళాను. ఒక పూట ఉంటే తిరిగి రావాలనిపించదు."

ఆ సాయంత్రం ఆయన ఏడుగురికీ ఫోన్ చేశాడు. అయోవా నుంచి కోల్‌బెక్ అనే ఆవిడ ఫోన్ చేస్తే దయచేసి కాస్త మొరటుగా మాట్లాడండి అని బతిమాలాడు. మరునాడు నాకు ఆ సంగతి చెబుతున్నప్పుడు, కంచె బాగుచేసి వచ్చినవాడిలా తృప్తిగా ఉన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం ఆర్డిత్ నన్ను పిలిచింది. "ఫోన్లు చేస్తున్నాను. నువ్వూ విను. ఒక్క జత చెవులు చాలవు" అంది. ఫోనును బల్ల మధ్యలో పెట్టి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

మొదటిది కాన్సస్. ఎమెట్ స్ట్రౌడ్ అనే ఆయన.

"జూన్ మొదటి శనివారం వద్దామనుకుంటున్నాను. లైసెన్సుంది, పారాచూట్ నాదే" అంది ఆర్డిత్.

"ఖాళీ లేదు" అని గుర్రుమన్నాడాయన. "అంటే... ఎన్నింటికొస్తారు?"

"పదింటికి."

"పదింటికి ఉందిలెండి. కానీ పడుకోడానికి చోటు లేదు."

"నా వ్యాన్‌లో పడుకుంటాను."

"వ్యాన్‌లోనా? జూన్ వానల్లోనా? విమానం షెడ్డు వెనక గది ఉందిగా మేడమ్! మా ఆవిడ కొత్త పరుపు..." అని, ఆగి, గొంతు సవరించుకుని, "పరుపేం అంత బాగుండదు" అన్నాడు కటువుగా.

ఫోన్ పెట్టేసి ఆర్డిత్ నా వంక చూసింది. నేను మ్యాపులో మిస్సోరీ నది ఎటు పోతుందో శ్రద్ధగా చూస్తున్నాను.

రెండోది మిస్సోరీ. రోవీనా టిల్‌మన్ అనే ఆవిడ ఎత్తింది.

"మా కుక్క కొత్తవాళ్ళని కరుస్తుంది" అంది పలకరింపు లేకుండా.

"ఎంతమందిని కరిచింది?"

"ఇంకా... ఎవర్నీ లేదు."

"దాని వయసెంత?"

"పద్నాలుగు." వెనకనించి ఏదో నిట్టూర్చినట్టు వినబడింది. "పళ్ళు లేవనుకోండి. మీకు కోడి అంటే ఇష్టమా, పంది మాంసమా? ఊరికే అడుగుతున్నాను, వండుతానని కాదు."

ఆర్డిత్ ఫోన్ పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కుట్టులో తేడా కనబడినప్పుడు ఆమె చేసేది అదే. "ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు, నెల్డా. ఒకే చేతి కుట్టు ఇది."

"కాకతాళీయమేమో" అన్నాను. నా గొంతు నాకే నమ్మశక్యంగా లేదు.

మూడోది నెబ్రాస్కా. ఓటిస్ ఫ్రే అని ముసలాయన. ఆర్డిత్ పేరు చెప్పగానే పెద్దగా ఊపిరి వదిలాడు.

"చూడమ్మా, పొద్దుటినించీ అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకుంటున్నాను, నావల్ల కావడంలేదు. నీతో మొరటుగా మాట్లాడమన్నాడు వెర్లిన్. నాలుగు రాష్ట్రాల్లో అలాంటి రిగ్గర్ లేదన్నాడు. నువ్వు మా దగ్గర ఉండిపోతే తన విమానం అమ్ముకోవాలన్నాడు. ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. ఎప్పుడొస్తున్నావో చెప్పు, చేపలు వేయిస్తాను."

ఆర్డిత్ ఆయనకు తేదీ చెప్పి, కృతజ్ఞతలు చెప్పి, ఫోన్ పెట్టింది. ఆ తరవాత తల తిప్పి కిటికీ అరుగు మీది రూబార్బ్ పై వైపు చూసింది. ఒక్క ముక్కా కోయలేదు దాన్ని. ఆమె అడక్కుండానే నేను చేతిరుమాలు సంగతి అంతా కక్కేశాను.

తిట్టలేదు. "నీ రాత చదవగలిగాడంటే వెర్లిన్ నిజంగా భయపడ్డట్టే" అంది. కాసేపటికి మ్యాపు మీద చెయ్యి ఆనించి, నా వంక చూడకుండా చెప్పింది: "ముప్ఫై ఏళ్ళుగా మీ మొదటిసారి బీర్లు తాగుతున్నాను నెల్డా. నావి ఎప్పుడో అయిపోయాయి. ఆవేళ పాస్టరు గారి పెరట్లో దిగి వచ్చాక మీరందరూ అరిచారు చూడు, బీరు పెట్టె మోసుకొస్తుంటే ఎంత బాగుందో! ఏడు చోట్ల ఏడు పెట్టెలు కొంటాను. నన్నెవరూ ఎరగరు. నేను దూకడానికి ముందు నా వీపు మీది సంచి వాళ్ళు తనిఖీ చేస్తారు. జూన్ ఇరవై రెండుకి ఇంటికొస్తాను."

"అయ్యో, ఈ మాట వెర్లిన్‌కి చెప్పనా?"

"వద్దు. అడిగితే నేనే చెబుతా."

వెర్లిన్ అడగలేదు. దానికి బదులు మర్యాదగా ఉండడం మొదలుపెట్టాడు, అది ఇంకా ఘోరం. గురువారం ఆర్డిత్ కుట్టు మిషను ముందు మెత్త వేసిన కొత్త కుర్చీ ప్రత్యక్షమైంది. ఆమె దాన్ని తలకిందులు చేసి, నాలుగు మరలూ బిగించి చూసి, పక్కకు జరిపి, పాత స్టూలు మీదే కూర్చుంది. శుక్రవారం "నీ జుట్టు బాగుంది ఆర్డిత్" అన్నాడు. ఆ రోజంతా ఆమె టోపీ తియ్యలేదు. ఆర్డిత్ చెప్పొద్దన్న మాటను నోట్లో దాచుకుని, నేను ఇద్దరి మధ్యా తిరిగాను. మూడు వారాలు ఇదే వరస. ఆర్డిత్ మాత్రం ప్రతి సాయంత్రం షెడ్డు వెనక పారాచూట్‌ల మడత గదిలో తలుపు వేసుకుని ఏదో పని చేసుకుంటూనే ఉంది. వస్తువులు సర్దుకుంటోందని వెర్లిన్ నాతో అన్నాడు.

బయలుదేరే శుక్రవారం ఉదయం ఆర్డిత్ వ్యాన్‌లోకి ఏడు పెట్టెల బీరు ఎక్కిస్తుంటే వెర్లిన్ వచ్చి నిలబడ్డాడు. పెట్టెలు లెక్కపెట్టాడు. మా వాళ్ళలో పుట్టి పెరిగినవాడికి ఆ అంకె చూడగానే అర్థం కావాలి. భయంలో ఉన్న మనిషికి ఏదీ అర్థం కాదు. కొత్త యజమానులకు లంచమనుకున్నాడు పాపం.

"మిగతా సామాను కూడా తీసుకెళతావా?" అన్నాడు, మడత గది వైపు చూపించి.

"వెళ్ళి చూడు" అంది.

వెర్లిన్‌తో పాటు నేనూ వెళ్ళాను. గోడవారగా పదకొండు పారాచూట్ సంచులు వరసగా ఉన్నాయి. మే చివర, జూన్‌లో ఇరవై రెండు దాకా గడువు తీరేవన్నీ అవే. పదకొండూ విప్పి, మడిచి, ఎర్రదారం కట్టి, ముద్ర వేసి ఉన్నాయి. ప్రతిదాని మీదా చీటీ. పక్కనే గోడకు క్యాలెండరు. ఆ తరవాత ముద్ర వేయవలసింది వెర్లిన్ సొంత పారాచూట్. దాని తేదీకి ఎదురుగా, జూన్ ఇరవై మూడు గడిలో, ఆమె గుండ్రటి చేతిరాతతో "ఉదయం తొమ్మిదికి, నేను" అని ఉంది.

వెర్లిన్ ఆ గడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. రెండోసారి కూడా చదివాడు. తరవాత చెవులు ఎర్రబడి, విసవిసా వ్యాన్ దగ్గరికి నడిచాడు. ఆర్డిత్ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని అద్దాలు సరిచూసుకుంటోంది.

"మూడు వారాలు నిద్ర లేదు నాకు! అన్నం సయించలేదు! పెద్దమనుషుల్ని బతిమాలుకుని పరువు పోగొట్టుకున్నాను! తిరిగొస్తానని ఒక్క ముక్క నాతో అనుంటే నీ సొమ్మేం పోయేది, ఆర్డిత్?"

ఆర్డిత్ కిటికీ అద్దం సగం దించి, ఇంజను మొదలుపెట్టి అంది:

"నాలుగు రాష్ట్రాలకు ఫోన్ చేశావు వెర్లిన్, నాది ఈ ఊరి నంబరే."