నాలుగు నోళ్లలో ఒక గొంగడి

నా చిన్నప్పుడు నా నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఎవరి మాట కొత్తగా వినపడినా పకపకా నవ్వేదాన్ని. ఆ నోటితోనే ఒకరోజు మా అక్క పెళ్లి చెడగొట్టబోయాను. ఇన్నేళ్ల తర్వాత దాచుకునేదేముంది, తప్పు నాదే.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. గొర్లు కాయడం, వాటి ఉన్నితో గొంగళ్లు నేయడం మా ఇంటి పని. అక్కకు రాయచూరు వైపు నుంచి సంబంధం వచ్చింది. వాళ్లూ మాలాగే గొర్లవాళ్లు, మా కులమే, కాకపోతే కన్నడం మాట్లాడతారు. అప్పట్లో అటూ ఇటూ నిజాం రాజ్యమే కాబట్టి సంబంధాలు కలుపుకోవడం కొత్తేమీ కాదు. పెళ్లికొడుకును గొర్ల సంతలో ఒకసారి చూసింది అక్క. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఆ ఊరి పేరెత్తినా పని ఆపి వినేది.

మా ఇళ్లలో పెళ్లి ఖాయం కావాలంటే కొత్త గొంగడి పరిచి, రెండు వైపుల పెద్దలూ దాని మీద కూర్చొని మాట ఇచ్చుకోవాలి. కటిక నేల మీద నిలబడి ఇచ్చిన మాట మాట కాదు. అందుకోసం మా అవ్వ ఉన్ని వడికితే మా తాత నెల రోజులు మగ్గం మీద కూర్చొని నల్ల గొంగడి నేశాడు. చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగడి చెక్కలా బిగుసుకొని ఉండేది. దాన్ని నన్ను ముట్టనిచ్చేవాడు కాదు.

మాట ఇచ్చుకునే రోజున పెళ్లికొడుకు పెద్దనాన్న వచ్చీ రావడంతోనే దాని అంచు పట్టి చూసి, సంతల్లో నేర్చిన తెలుగులో "కంబళి మంచిగ నేసినరు" అన్నాడు. నేను గట్టిగా నవ్వాను. "గొంగడిని కంబళి అంటుండు! గీయనకు మాటలే రావు" అన్నాను, వాకిట్లో ఉన్న అందరికీ వినపడేలా.

ఆయన ముఖం మాడిపోయింది. "గొంగడి అని మీరు పెట్టుకున్నరు. అసలు పేరు కంబళే. గీ నేత గూడ మా దిక్కు నుంచే మీకొచ్చింది" అన్నాడు. మా మేనమామకు ముక్కు మీద కోపం. "అంటే మేము మీ కాడ నేర్చుకున్నోళ్లమా?" అని లేచాడు. మా దగ్గర ఉన్ని కొనే సాయిబు ఆ వేళకు అక్కడే ఉన్నాడు. సర్దిచెప్పబోయి, "జర ఆగుండ్రి, మేము గూడ కంబల్ అనే అంటం, అది మా మాట" అన్నాడు. ముహూర్తం చెప్పడానికి వచ్చిన జంగమయ్య ఊరుకుంటాడా? అది సంస్కృతమనీ, కంబళమంటే ఎద్దు మెడ కింద వేలాడే తోలు కూడా అవుతుందనీ చెప్పాడు. "అయితే మా పెద్దాయన ఎద్దుతోలు నేసిండా?" అని మేనమామ ఆయన మీదికీ వెళ్లాడు. పెద్దనాన్న తలపాగా సర్దుకొని, ఈ గొంగడి మీద తాను కూర్చోనన్నాడు.

తలుపు చాటున అక్క నిలబడి ఉంది. నన్నొకసారి చూసి ముఖం తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

తాత లేచాడు. గొంగడి దులిపి, నాలుగు కొసలూ ఆ నలుగురి చేతుల్లో పెట్టాడు. పెద్దమనిషి పెట్టాడు కదా అని పట్టుకున్నారు. కడవెడు నీళ్లు తెచ్చి నడుమ కుమ్మరించాడు. నెల రోజుల కష్టం పోయిందని అవ్వ కేక పెట్టింది. గొంగడి బరువుతో కిందికి సాగింది, అడుగున చుక్కలు రాలాయి, నీళ్లు మాత్రం నిలిచాయి.

"మాట ఎవరిదో వాళ్లు పట్టుకోండ్రి. కానోళ్లు కొస వదులుండ్రి" అన్నాడు తాత.

ఎవరు వదిలినా నలుగురూ తడుస్తారు. ఎవరూ వదల్లేదు. చేతులు లాగుతున్నా బిగబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు సాయిబుకు నవ్వొచ్చింది. తర్వాత పెద్దనాన్న, "నలుగురిదీ అంటే దించనిస్తవా పెద్దమనిషీ?" అని అడిగాడు. మేనమామ నవ్వు ఆపుకోలేక కొస జారవిడిచాడు. పంచెలు తడిసిపోయాయి. ఆ తడి గొంగడి మీదే కూర్చొని మాట ఇచ్చుకున్నారు.

తాత నన్ను కొట్టలేదు. పెద్దనాన్న పక్కన కూర్చోబెట్టి, నీకు కనపడినవాటిని ఆ దిక్కు ఏమంటారో అడుగు అన్నాడు. సిగ్గుతో తల వంచుకొని అడిగాను. గొర్రె కురి అట, జొన్న జోళ అట. నీరు మాత్రం వాళ్లకూ నీరే. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పడమటి సముద్రం వైపు బురదలో దున్నపోతులను ఉరికించే పందేన్ని కంబళ అంటారని కూడా చెప్పి, అది అట్లా ఎందుకైందో తనకూ తెలియదని తానే నవ్వాడు. కంబళి అనే మాట ఎక్కడ పుట్టిందో చదువుకున్నవాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదని విన్నాను. తేలకపోయినా నాకు దిగులు లేదు.

పెళ్లయిన మూడేళ్లకు అక్క బిడ్డనెత్తుకొని పుట్టింటికి వచ్చింది. పొద్దున నిద్ర లేస్తూనే, "కూసు ఏడుస్తున్నది, పట్టుకోండ్రి" అంది. వాకిట్లోని ఆడవాళ్లు మూతికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అక్క మాట మింగేసి తల దించుకుంది. నేను బిడ్డను అందుకొని, "మీ దిక్కు పసిబిడ్డను కూసు అంటరా అక్కా? ఇంకేమేమంటరు?" అని అడిగాను. అక్క నా ముఖంలోకి ఒకసారి చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకొని, చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్క లేదు. కొత్త మాట చెవిన పడితే అడగడం మాత్రం నేను మానలేదు.