సైకిలు నేర్పిన ట్రైనింగ్ మేడం

పోయిన బుధవారం ధర్మవరంలో మూడో తరగతికి లెక్కలు చెబుతుండగా హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. మా ట్రైనింగ్ మేడం ఇక లేరు. బస్సెక్కి వెళ్లేసరికి వాళ్ల వాకిలి నిండా టీచర్లే. పరిగి, కదిరి, సోమందేపల్లి, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. కళ్లు తుడుచుకుంటూ అందరూ మాట్లాడుకున్నది ఒక్కటే, ఆవిడ మాతో తొక్కించిన సైకిలు సంగతి.

తొంభైల చివర్లో, ఎండాకాలం సెలవుల్లో, పెనుకొండ హైస్కూల్లో పది రోజుల ట్రైనింగ్. ట్రైనింగంటే ఎవరో బోర్డు మీద రాస్తారు, మేం దించుకుంటాం, సాయంత్రం సంతకం పెట్టి బస్సెక్కుతాం. నాకు తెలిసింది అంతే. ఆవిడ రాగానే, "సైకిలు రానోళ్లు చేతులెత్తండి" అన్నారు. ఆడవాళ్లం పదకొండు మందిమి ఎత్తాం. కాసేపాగి, యాభై దాటిన హెడ్మాస్టరొకాయన తల వంచుకుని తనూ ఎత్తాడు. బయట మైదానంలో ఆరు అద్దె సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి.

"మేము టీచర్లమా, సర్కసోళ్లమా మేడం?" అన్నాడాయన.

"మీకు రానిదొకటి ఈ పది దినాల్లో నేర్చుకోండి సార్. రాని పిల్లోళ్ల కష్టం అప్పుడు తెలుస్తాది."

ఎవరెలా నేర్చుకున్నారో రోజూ సాయంత్రం మా చేతే రాయించేవారు. పరిగి టీచరమ్మ గంటసేపు ఎదుటివాళ్లను చూసి, ఎక్కగానే తొక్కింది. హెడ్మాస్టరుకు బరువు ఎటు వేయాలి, బ్రేకు ఎప్పుడు పట్టాలి, అన్నీ విడమరిచి చెబితే తప్ప పెడలు మీద కాలు పడలేదు. ఇంకొకామె పడుతూ లేస్తూ నేర్చుకుంది. నాకు మాత్రం ఏడో రోజుకీ రాలేదు. మేడం సీటు పట్టుకుని వెనకే పరుగెత్తుతూ, "చక్రం చూడాకమ్మా, దావ చూడు, నడుము నిలబెట్టు" అని చెప్పేకొద్దీ నా హ్యాండిలు వంకర్లు పోయేది. ఎనిమిదో రోజు మోకాలు దోక్కుపోయి ఏడుపొచ్చింది.

"మేడం, మీరేం మాట్లాడాకండి. ఊరికే పట్టుకోండి చాలు" అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. "ఇన్ని దినాలు నాదే తప్పమ్మా" అని, నోరు మెదపకుండా నా వెనక పరుగెత్తారు. మైదానం సగం దాటాక తిరిగి చూస్తే, ఎక్కడో దూరంగా రొప్పుతూ, నవ్వుతూ నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రం నోట్సు రాస్తుంటే మా బడిలో ఒక పిల్ల గుర్తొచ్చింది. మగ్గం నేసేవాళ్ల బిడ్డ. భాగహారం అడిగితే పలికేది కాదు, గొంతు పెంచి అడిగితే బిగుసుకుపోయేది. దానికి చదువు రాదని రిజిస్టరులోనే రాసేశాను. పెన్ను ముందుకు సాగలేదు.

చివరి రోజు పై అధికారి వచ్చి, ఈ ఆటలు ఇకమీదట వద్దన్నారు. మేడం తొణకలేదు. "మూడు నెలలాగండి సార్. వీళ్లల్లో ఎవరి బడికైనా పోయి చూద్దాం. మారకుంటే నేనే మానుకుంటా." ఆయన జాబితా తీసుకుని వేలు పెట్టింది నా పేరు మీదే.

బడి తెరిచాక నేను మాట తగ్గించాను. ఆ పిల్ల ముందు చింతపిక్కలు పోసి, నేలమీద సుద్దతో నాలుగు పెద్ద సున్నాలు చుట్టి, సమంగా పంచమని పక్కన కూర్చున్నాను. నాలుగు రోజులు మాట్లాడకుండా పంచింది. ఐదో రోజు, "టీచర్, మూడు మిగిలిపోతాండాయి. ఇవి యాడ పెట్టాల?" అంది. తనంతట తానుగా నన్నడిగిన మొదటి ప్రశ్న అది. శేషమంటే ఏమిటో అప్పుడు చెప్పాను.

అన్న గడువుకు అధికారి వచ్చారు. వెంట మేడం, మాతో సైకిలు నేర్చుకున్న ఆ హెడ్మాస్టరు వచ్చారు. నేను బోర్డు దగ్గరికి పోలేదు.

"పాఠం చెప్పేది మీరు కదా?" అన్నారు అధికారి.

"ఈ పొద్దు ఈ యమ్మి చెప్తాది సార్" అన్నాను.

ఆ పిల్ల ముగ్గురినీ నేలమీద కూర్చోబెట్టి, తలా ఇన్ని పిక్కలు పోసి, ఆరు భాగాలు చేయమంది. అధికారి గబగబా పంచేశారు. అది వంగి చూసి, "ఈడ ఒకటి తక్కువ పడింది సార్. తొందరపడాకండి. మళ్లీ పంచండి" అంది.

ఆయన ఒక్క క్షణం దాని ముఖంలోకి చూసి, పిక్కలన్నీ కుప్ప చేసి మొదటి నుంచి పంచారు. ఈసారి సరిపోయింది. వెళ్లేటప్పుడు, "అన్ని మండలాల్లోనూ పెట్టండి మేడం" అన్నారు. ఆవిడ రిటైరయ్యేదాకా ఆ ట్రైనింగ్ ఆగలేదు.

ఆవిడను తలుచుకుంటే నాకు ఆ గదే కళ్లముందుకొస్తుంది. అధికారి, హెడ్మాస్టరు, మేడం, ముగ్గురూ నేలమీద వంగి పిక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ల చుట్టూ మెల్లగా తిరుగుతోంది.