ఒరినోకో ఆడపడుచు

కోదండరామ్‌ది ఒకటే జబ్బు. ఎవరింట్లోనైనా అద్దాల తొట్టిలో మీసాల చేప కనబడి, ఆ ఇంటివాళ్లు దాని నది పేరు తప్పు చెప్పారా, ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బస్సులో తన కాలు తొక్కినవాణ్ణి క్షమించాడు. దుకాణం ముందు లారీ అడ్డం పెట్టి టీ తాగడానికి పోయినవాణ్ణి క్షమించాడు. ఒరినోకో చేపను అమెజాన్ చేప అన్నవాణ్ణి మాత్రం ఇంతవరకు క్షమించలేదు.

పావగడ బజారులో ఆయనది తాతలనాటి వేరుశనగ వ్యాపారం. చుట్టుపక్కల పొలాలు సోలార్ ప్లేట్ల కిందికి పోయాక కాయల రాక తగ్గి, దుకాణం వెనక గోదాము ఖాళీ పడింది. ఇంకొకరైతే అద్దెకిచ్చుకునేవారు. ఈయన అందులో గోడ నుంచి గోడకు సిమెంటు తొట్టి కట్టించి, ముందు వైపు అద్దం బిగించి, చేపలను దింపాడు. మనుషులు బిందెలు పట్టుకుని నీళ్ల ప్లాంటు ముందు నిలబడే ఊళ్లో ఇదేం పాడు బుద్ధి అని ఆయన భార్య అంబుజ నెల రోజులు మాట్లాడలేదు. తొట్టిలో మార్చిన నీళ్లతో పెరటి కొబ్బరి చెట్లు విరగకాసేసరికి ఆమె కోపానికి ఆ ఆధారం కూడా పోయింది.

ఈ చేపల సంగతి కొంచెం చెప్పుకోవాలి. దక్షిణ అమెరికాలోని పెద్ద నదుల్లో తిరిగే జెల్ల జాతివి. గరిటెలాంటి మూతి, పొడుగాటి మీసాలు, ఒంటి మీద నల్లటి చారలు. ఆ చారల వల్ల అమ్మేవాళ్లు వీటిని టైగర్ అంటారు. వేలెడంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటుందని కొనుక్కుపోతే రెండేళ్లకు మోచెయ్యి దాటుతుంది, అక్కడా ఆగదు. ఏ నది చేపకు ఆ నది చారలే ఉంటాయని కోదండరామ్ నమ్మకం. చారలు నిట్టనిలువుగా దిగితే ఒరినోకో. మెలికలు తిరిగి ఒకదానికొకటి ముడిపడితే అమెజాన్. చారలు చెరిగి చుక్కలు మిగిలితే పరానా. ఇదంతా అంబుజకు కంఠతా వచ్చేసింది. రాకూడదని ఆమె చాలా గట్టిగా ప్రయత్నించింది.

సోలార్ పార్కుకు భూములు కౌలుకిచ్చిన కొత్తలో ఊరూరా హాలు గదులు మారిపోయాయి. సోఫా వచ్చింది, పెద్ద టీవీ వచ్చింది, టీవీలో వాస్తు చెప్పే ఆయన మాట విని ఈశాన్యంలో చేపల తొట్టీ వచ్చింది. అదే అంబుజ ప్రాణానికి వచ్చింది. అరసికెరెలో భరత్‌కుమార్ గృహప్రవేశానికి పిలిస్తే, పూజ కాకముందే కోదండరామ్ తొట్టి ముందు నిలబడిపోయాడు. ఇది ఏ నదిది అని అడిగాడు. భరత్‌కుమార్ పాపం నవ్వుతూ, అమెజాన్ అని చెప్పి ఇచ్చారని అన్నాడు. అంతే. చుక్కలు కళ్లెదురుగా కనబడుతుంటే పరానా చేపను పట్టుకుని అమెజాన్ అంటావా, కన్నతల్లి పేరు మారుస్తావా అని అయ్యవారి మంత్రాలను మించిన గొంతుతో మొదలుపెట్టాడు. ఏ నదిదైతే ఏముంది, ముందు భోంచేయమని ఆ ఇంటి ఆడవాళ్లు బతిమాలారు. ఏ నదిదైతే ఏముంది అన్న ముక్కకు ఆయన ఆకు ముందు నుంచి లేచిపోయాడు. వడ్డించిన పాయసం వైపు ఒక్కసారి చూసి అంబుజ కూడా లేచింది.

పళ్ల డాక్టరు దగ్గర ఇంకా అన్యాయం. లోపల కుర్చీలో సగం పన్ను ఊడి, నోట్లో దూది కుక్కి ఉండగా, డాక్టరు ఎవరితోనో తన వెయిటింగ్ హాలులో ఉన్నది అమెజాన్ చేప అని గొప్పగా చెప్పుకున్నాడు. కోదండరామ్ కుర్చీ దిగి బయటికొచ్చి, మాట రాక, అద్దం మీద వేలితో నిలువు గీతలు గీసి చూపించాడు. రోగులు భయపడి జరిగారు. మిగతా సగం పన్ను కోసం ఆయన హిందూపురం పోవాల్సి వచ్చింది.

వీటన్నిటి కంటే అంబుజను మండించేది గోదాములోని రెండో ఫ్రిజ్. వెల్లుల్లి కూడా తినని ఇల్లు అది. ఆ ఇంటి గోదాములో ఫ్రిజ్ నిండా రొయ్యలు, చేప ముక్కలు. ఆ ఫ్రిజ్ కొన్న రోజే ఆమె తేల్చి చెప్పింది, దాని తలుపు ఈ జన్మలో తాకనని. తాకలేదు కూడా. ఒకరోజు కడుపు మండి, ఆయన్ను నిలదీసింది.

"ఆ చేప పుట్టింది కలకత్తాలో ఏదో గుంతలో. దాని అవ్వతాతలు ఈదిన నది పేరు మనకెందుకండీ?"

"నువ్వు పుట్టింది సర్కారు ఆస్పత్రిలో. నీ పుట్టిల్లు యాడ అని అడిగితే ఆస్పత్రి అని చెప్తావా, మడకశిర అని చెప్తావా?"

ఆ పూట ఆమె సాంబారులో ఉప్పు వేయలేదు.

ఇక సుదీప్ అని బస్టాండు దగ్గర చేపల దుకాణం కుర్రాడు ఒకడున్నాడు. వచ్చిన ప్రతి చేపకూ అమెజాన్ అని చీటీ అంటిస్తాడు. ఆ పేరుకే గిరాకీ అంటాడు. రాయచెర్లు అనే ఊళ్లో నరసప్పకు వాడు అమ్మిన టైగర్ మీద వాడికీ కోదండరామ్‌కూ రెండేళ్లుగా యుద్ధం. అది ఒరినోకో అని ఈయన, అమెజాన్ అని వాడు. తాలూకాలోని చేపల వాట్సాప్ గ్రూపులో ఆ చేప ఫోటో తిరగని వారం లేదు. కోదండరామ్‌కు ఇంకో నియమం కూడా ఉంది, అదీ గ్రూపులో అందరికీ తెలుసు. తన తొట్టిలో ఉన్నవన్నీ అమెజాన్ చేపలు. వేరే నది చేపను అందులో దించడం ఆయన బొందిలో ప్రాణముండగా జరగదు. నరసప్ప ఇంటి హాల్లో నిలబడే ఒకసారి ఆ మాట అన్నాడు. అడగని మనిషి ముందు అనాల్సిన అవసరమేమిటో అంబుజకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నరసప్ప పెద్ద రైతు. భూమంతా ప్లేట్ల కిందికి పోయాక గొర్రెలు పెట్టుకున్నాడు. ఆ చేప ఇంటికి వచ్చిన నెలలోనే ఆయన భార్య పుట్టమ్మకు గుండె ఆపరేషను జరిగింది. బతకడం కష్టమన్న మనిషి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి నరసప్పకు ఆ చేపే లక్ష్మి. శుక్రవారం తొట్టి అద్దానికి పసుపు రాసి బొట్టు పెడతాడు. చేప మాత్రం పెరిగిపోయింది. తొట్టి పొడవుకు సరిపోయి, తిరగడానికి చోటు లేక, వెన్ను వంచుకుని ఒక మూలకు ఆనుకుని ఉంటోంది. పైగా కరెంటు పోతే గాలి మోటరు ఆగిపోతుంది. ఇంటి ముందు నుంచి కనుచూపు మేర కరెంటు పండే ప్లేట్లు పరుచుకుని ఉన్న ఊళ్లో కరెంటు పోవడమేమిటని కోదండరామ్ అందరి మీదా విరుచుకుపడేవాడు. అది వేరే కోపం, దానికి నదితో పని లేదు.

ఒక ఉదయం పుట్టమ్మ అంబుజకు ఫోన్ చేసింది. చేప మూడు రోజులుగా ఏమీ ముట్టడం లేదని, దాన్ని చూసి నరసప్ప కూడా సరిగ్గా తినడం లేదని చెప్పింది. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఒప్పుకోడట. "అది పోతే నేను పోతానని ఆయప్ప భయం అంబుజమ్మా. పైకి చెప్పడు. నాకు తెలుసు" అంది.

అంబుజ భర్తను బయలుదేరదీసింది. దారిలో ఒట్టు వేయించుకుంది, ఆ ఇంట్లో నది పేరు ఎత్తకూడదని. పెద్దమనిషి బెంగతో ఉన్నాడు, ఆ పూటకైనా నోరు అదుపులో పెట్టుకోమంది. ఆయన సరేనన్నాడు. ఆమె నమ్మలేదు.

వాళ్లు వెళ్లేసరికి సుదీప్ అప్పటికే అక్కడున్నాడు. నరసప్పే పిలిపించాడట. నీళ్లలో ఏదో నీలం మందు పోస్తున్నాడు. నీళ్లు పాచి పట్టి మసకగా ఉన్నాయి. చేప వంపు తిరిగి, నోరు మెల్లగా తెరిచి మూస్తోంది. దాన్ని చూస్తే అంబుజకే జాలేసింది. నరసప్ప తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరేమన్నా వినే మొహం కాదది.

"పంపేమని చెప్పేదానికి వచ్చింటే కూర్చోవద్దప్పా శెట్టీ. ఇంట్లోకి వచ్చిన లక్ష్మిని బయటికి తోలేది లేదు" అన్నాడు.

కోదండరామ్ కళ్లద్దాలు తుడుచుకుని తొట్టి ముందు వంగాడు. ఈ వైపు చూశాడు, ఆ వైపు చూశాడు. అంబుజ ఇక మొదలవుతుంది, ఒట్టు గాలికి పోతుంది అనుకుంది. అనుకున్నట్టే పోయింది.

"నరసప్పన్నా, ఇది ఒరినోకో కాదు. నేనే తప్పు చూసినా. ఇది అమెజానే" అన్నాడు.

సుదీప్ చేతిలో మందు సీసా జారి తివాచీ మీద పడింది. అంబుజ భర్త నుదుటి మీద చెయ్యి పెట్టి చూద్దామా అనుకుంది. ఆయన మాత్రం ఆగలేదు. తన తొట్టిలో ఉన్నవన్నీ అమెజాన్ చేపలని, అంటే ఇది తమ ఇంటి ఆడపడుచని, పుట్టిల్లు పావగడలో గోదామంత పెద్దగా ఉండగా ఇన్నాళ్లూ తెలియక దీన్ని ఇక్కడ ముడుచుకుపోనిచ్చామని గట్టిగా కోప్పడ్డాడు. ఎవరి మీద కోప్పడుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

"పుట్టింటికి పోయిన కోడలు ఇల్లు వదిలి పోయినట్టు కాదు గదన్నా. లక్ష్మి ఈ ఇంటిదే. నాలుగు నెలలు మా ఇంట్లో ఒళ్లు సాచుకుని ఉంటాది. నువ్వు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాది" అన్నాడు.

నరసప్ప చేప వైపు చూశాడు. తర్వాత పుట్టమ్మ వైపు చూశాడు. పుట్టమ్మ కొంగు నడుముకు దోపుకుని, కోడలిని పుట్టింటికి పంపేటప్పుడు వట్టి చేతుల్తో పంపుతామా అని లోపలికి పోయింది. అది సరేనన్నట్టే అయింది.

సుదీప్ ఊరుకుంటే బాగుండేది. ఫోన్ తీసి ఎదురుగా పట్టుకున్నాడు. "శెట్రే, అమెజాన్ అని ఇంకొక్కసారి చెప్పండి. గ్రూపులో పెడతా" అన్నాడు. కోదండరామ్ మెడ నరాలు లేచాయి. అంబుజ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన నరసప్ప మొహం వైపు ఒకసారి చూసి, ఫోన్ వైపు తిరిగి, కషాయం మింగినవాడిలా ఆ మాట ఇంకోసారి అన్నాడు.

పుట్టమ్మ బియ్యం, పసుపు, కుంకుమ, గాజులు, కొబ్బరి గిన్నె, రవికగుడ్డ తెచ్చింది. చేప కడుపు చూస్తే నిండు నెలల్లాగే ఉంది కాబట్టి ఒడి నింపాల్సిందే అంది. చేపకు ఒడి లేదు. పుట్టింటి తరఫున వచ్చింది అంబుజే కాబట్టి ఆమెను తూర్పుకు తిప్పి కూర్చోబెట్టి, ఆమె ఒళ్లో పోశారు. చేపకు బదులుగా ఒడి నింపించుకున్న ఆడది ఈ తాలూకాలో తానొక్కతే అయి ఉంటుందని అంబుజకు ఒకపక్క ఉక్రోషం, ఒకపక్క నవ్వు. చివర్లో నరసప్ప వచ్చి, జాగ్రత్తమ్మా అన్నాడు. ఆమెతోనో చేపతోనో తెలియలేదు.

బాడుగకు తోలే ప్రకాశ్ తన గూడ్స్ ఆటో తెచ్చాడు. వెనక పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో చేప, ఒకపక్క కోదండరామ్, ఇంకోపక్క ఒడినిండా బియ్యంతో, చేతిలో బ్యాటరీ గాలి పంపుతో అంబుజ. ప్లేట్ల మధ్య రోడ్డు మీద ఎండ తెల్లగా కొడుతోంది. పాచి నీళ్ల నుంచి బయటపడ్డ చేప మొదటిసారి వెన్ను చాచింది. అంబుజ చూసింది. నిట్టనిలువు చారలు. మెడ నుంచి తోక దాకా ఒక్క మెలిక లేదు, ఒక్క ముడి లేదు. రెండేళ్లుగా ఈయన చెబుతున్నట్టే ఉంది.

"ఏమండీ, ఇది..." అంది.

"ప్రకాశ్ వింటాడు" అన్నాడు ఆయన, ముందుకు చూస్తూ.

ఇల్లు చేరాక మాత్రం గోదాము దద్దరిల్లింది. సుదీప్‌ను తిట్టాడు, వాడి చీటీలను తిట్టాడు, ఫోన్ కనిపెట్టినవాణ్ణి తిట్టాడు. గ్రూపులో తన వీడియో కింద చప్పట్ల బొమ్మలు వరసగా పడుతుంటే ఒక్కొక్క బొమ్మకూ ఒక్కొక్కరి పేరు పెట్టి తిట్టాడు. అయినా ఒక్కరికీ జవాబు రాయలేదు. నియమం తప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు. చేపలను కొన్నాళ్లు ప్లాస్టిక్ తొట్లలో ఉంచి, మేస్త్రీని పిలిపించి, తొట్టి మధ్యలో అడ్డంగా సిమెంటు గోడ కట్టించాడు. ఒకవైపు అమెజాన్ చేపలన్నీ సర్దుకున్నాయి, ఇంకోవైపు మొత్తం ఆ ఒక్కదానికే.

పుట్టమ్మ, నరసప్ప ప్రతి శుక్రవారం సంత పని పెట్టుకుని వస్తున్నారు. చేప హాయిగా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే నరసప్ప అద్దానికి బొట్టు పెట్టి, ఇక్కడే ఉండనీలే అని ఆయనే అన్నాడు. మధ్యలో ఈ గోడ ఏంది శెట్టీ అని పుట్టమ్మ అడిగింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు వేరే గది ఇయ్యకుంటే ఎట్లక్కా అన్నాడు కోదండరామ్. పుట్టమ్మ మెచ్చుకుంది. ఏ నది అన్నావప్పా అని నరసప్ప గుర్తు లేక అడిగితే, అమెజాన్ అని పళ్ల మధ్య నుంచి చెప్పాడు.

వాళ్లు ఆటో ఎక్కి పోయాక అంబుజ గోదాములోకి వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆ రెండో ఫ్రిజ్ తలుపు తెరిచి, రొయ్యల పొట్లం రెండు వేళ్లతో ఎత్తి తెచ్చింది. కోదండరామ్ తొట్టి దగ్గర నుంచి గబుక్కున లేచాడు.

"ఒరినోకో దానికి ఇంకా పెట్టలేదు గదా?" అంది ఆమె.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకోవడం కాస్త ఎక్కువసేపే పట్టింది. మళ్లీ పెట్టుకున్నాక పరీక్ష పెట్టే మేష్టరులా మొహం పెట్టాడు.

"నేను చెప్తే విని అంటాండావా, చారలు చూసి అంటాండావా?"

"చారలు చూసే. నిట్టనిలువు చారలు. ముందు ఇది పట్టుకోండి, కంపు కొడతాంది" అంది అంబుజ.