షెఫ్కియాకు కనబడే రంగు

జెనిత్సా ఊరి ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపే షెఫ్కియాకు పిల్లల్లేరు. ఉన్నదల్లా భార్య జుమ్రా, గోల్ఫ్ అనే మోడల్ పాత ఎర్ర కారు ఒకటి. ఆ కారుకు పెద్ద ఇంజను బిగించాడు, స్ప్రింగులు మార్చి నేలకు తగిలేంత కిందికి దించాడు, సీట్ల తోలు తనే కుట్టాడు. ఏళ్ల తరబడి సాగిన పని. చివరికి చక్రాల రిమ్ముల రంగు ఒక్కటే మిగిలింది.

రిమ్ములకు రంగు పూసి బట్టీలో కాల్చే షెడ్డు నాది. శనివారమొస్తే చాలు, షెఫ్కియా వచ్చి, నా రంగుల నమూనా రేకులన్నీ తిరగేసి, కాఫీ తాగి, ఏదీ తేల్చకుండా వెళ్లేవాడు.

"తొందరేముందిరా మెన్సుద్? పెళ్లిచూపుల్లో ఉన్నాను," అనేవాడు.

ఆఖరికి ముదురు బూడిదరంగు మీద మనసు పడ్డాడు. అంతలోనే ఒకరోజు పనిలో, ఎదురుగా ఉన్న గోడ కనబడక, క్రేను కొక్కేన్ని దానికి కొట్టాడు. కంటి నరాలు చచ్చిపోతున్నాయని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు చెప్పారు. ఉద్యోగం పోయింది. కారు నడపడమూ మానేశాడు. చలికాలమంతా షెడ్డు మొహం చూడలేదు.

మంచు కరిగాక, ఆ కారును జుమ్రా నడుపుకుంటూ వచ్చింది. ఆ వయసులో కొత్తగా నేర్చుకుంది.

"గేరు మార్చినప్పుడల్లా నా కారు ఏడుస్తోందిరా," అన్నాడు షెఫ్కియా దిగుతూ.

"అయితే తిరిగి వెళ్లేటప్పుడు నడిచి రా," అంది జుమ్రా.

బూడిదరంగు రేకు చేతికిచ్చాను. కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, వెలుతురుకేసి తిప్పాడు.

"ఇదేనా?"

"అదే అన్నా, నువ్వు కోరుకున్నదే."

"ఏమీ కనబడట్లేదురా."

తర్వాత వాకిట్లో నిలబడి, ఒక్కో రేకునూ దూరం నుంచి ఎత్తి చూపించమన్నాడు. రాగిరంగు, బంగారురంగు, నీలం. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"ఆగాగు. అక్కడేదో ఉంది."

"తెలుపు అన్నా. పాలబండి రంగని వెక్కిరించేవాడివి."

"ఇప్పుడూ అదే అంటాను. కానీ అదే వెయ్యి."

జుమ్రా ఆయన భుజం పట్టుకుంది. "నీకు నచ్చిందే వేయించుకోవయ్యా. ఎలా ఉందో నేను చెప్తాగా."

"నువ్వు చెప్తావు జుమ్రా. కానీ నువ్వు వీధిలోకి వస్తుంటే ఆ చక్రాలు తిరగడం నేను చూడాలి."

నేను తెలుపే వేశాను.

వేసవంతా సాయంత్రాలు ఆయన ఇంటి ముందు బెంచీ మీద కూర్చునేవాడు. ఆమె వీధిలో అటూ ఇటూ నెమ్మదిగా నడిపేది. తెల్లటి చక్రాలు కనబడగానే చెయ్యెత్తేవాడు.

ఆకులు రాలేవేళ జుమ్రా ఒంటరిగా షెడ్డుకు వచ్చింది.

"నిన్న నేను ఇంకా మలుపులోనే ఉన్నాను మెన్సుద్. రొట్టెల వ్యాను వెళ్తుంటే, ఆ చప్పుడుకే చెయ్యెత్తాడు. ఇంటికొచ్చాక 'కనిపించాయా?' అంటే, 'తెల్లగా మెరిశాయే' అన్నాడు."

"చీకట్లో కూడా వెలిగే రంగు ఒకటుంది వదినా. ఊరికే వేసిస్తాను."

"వద్దు. ఆయనకు మళ్లీ ఆశ పెట్టకు."

అయినా ఆమె రోజూ కారు తీస్తూనే ఉంది. తొలిమంచు పడ్డరోజు షెఫ్కియాయే కారు తాళాలు అడిగి తీసుకున్నాడు.

"ఇక చాల్లే జుమ్రా, చలిగా ఉంది. వచ్చి నా పక్కన కూర్చో," అన్నాడు.

ఆమె కారు మీద గుడ్డ కప్పి, వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.