నుఫైల్ వేసిన ఒట్లు

కూఫా నగరంలో మా వీధిన చాపలల్లే నుఫైల్ ఎంతమంది అధికారుల చేతిలో చెయ్యి వేశాడో అతనికే గుర్తులేదు. ఖలీఫా పంపిన కొత్త అధిపతి ఊళ్లో దిగగానే మమ్మల్నందరినీ మసీదుకు తోలేవారు. చేతిలో చెయ్యి వేసి, ఎదురు తిరగబోమని ఒట్టు పెట్టాలి. మొదట్లో ఆ మాట ఒక్కటే సరిపోయేది. జనం మాట తప్పుతున్నారని తర్వాత ఒక షరతు చేర్చారు: మాట తప్పితే నా భార్యకు మూడు తలాకులు. ఈ ఆలోచన పుట్టినవాడికి పెళ్లాం లేదని నా అనుమానం.

నుఫైల్ ఆ ఒట్టూ వేశాడు. మరుసటి ఏడు ఖర్జూరాలు కోతకొచ్చే వేళకు తిరుగుబాటుదారులు లేచారు. న్యాయం తెస్తామంటూనే మెడ మీద కత్తి పెట్టి, తమ నాయకుడి చేతిలో చెయ్యి వెయ్యమన్నారు. వేశాడు. నేనూ వేశాను, నా భార్య అప్పటికే చనిపోయింది కనుక నాకు పోయేదేమీ లేకపోయింది. వాళ్ల న్యాయం తొమ్మిది రోజులుంది. పదోనాడు పాత అధిపతి సైన్యంతో తిరిగొచ్చాడు.

ఆ పొద్దే నుఫైల్ భార్య ఉమైమా మూట కట్టుకుంది. ముప్పై ఏళ్ల కాపురం వాళ్లది.

"ఏమయ్యా, నేనింకా నీ పెళ్లాన్నేనా, కానా? ముందది తేల్చు!"

ముగ్గురం ధర్మం చెప్పే పెద్దాయన దగ్గరికి వెళ్లాం.

"కత్తికి భయపడి తప్పిన మాట లెక్కలోకి రాదు కదండీ?" అన్నాడు నుఫైల్.

పెద్దాయన తలుపు వైపు చూశాడు. "నేనలా అంటే, అధిపతికి భయపడి వేసిన ఒట్లూ చెల్లవని ఊరంతా అంటుంది. నా వీపు కొరడాలకు తట్టుకోలేదు నాయనా. తలాక్ అయిపోయినట్టే. మూడూ పడ్డాయి గనుక మళ్లీ పెళ్లాడే దారీ లేదు."

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఉమైమా పక్కనే ఉన్న అన్నగారింటికి చేరింది. రోజూ మధ్యాహ్నం నడుమనున్న గోడ మీద రొట్టె పెట్టేది. నుఫైల్ తీసుకునేవాడు. అలా నాలుగేళ్లు గడిచాయి.

మొన్న ఇంకో అధిపతి వచ్చాడు. మళ్లీ మసీదు, మళ్లీ వరస. వరసలో నా ముందు నుఫైల్ నిలబడ్డాడు.

"నీ భార్య మీద ఒట్టు పెట్టు," అన్నాడు గుమాస్తా.

"లేదయ్యా. పోయినసారి మీరే ఊడగొట్టారు."

గుమాస్తా నవ్వాడు. "అయితే ఊరికే చెయ్యి వేసి పో, ముసలాడా."

ఇద్దరం అతని ఇంటికొచ్చేసరికి గోడ అవతలి నుంచి గొంతు వినిపించింది. "ఈసారి నా మీదేమని ఒట్టేశావు?"

"నీ జోలికి పోలేదులే ఉమైమా. నువ్వు నాకేమీ కావుగా."

తర్వాత గోడ మీద రొట్టె కనబడింది. పక్కన ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. అడిగినవాడి చేతిలోనల్లా చెయ్యి వేసిన నుఫైల్, పరాయిదైపోయిన ఆ చేతిని తాకకుండా రొట్టె తీసుకున్నాడు.